గులాబీ కింద పేరు

ఈ పొద్దు కూడా గులాబీ వచ్చింది. ఎర్ర గులాబీ, పక్కన పొగలు పోయే చాయ్ కప్పు, కింద ఇంగ్లీషు అక్షరాలు. మేడిపల్లి నుంచి మా చెల్లెలు పంపుతుంది. ఆరు దాటితే చాలు, ఫోన్ టింగుమంటుంది. దాన్ని చూస్తే నాకు చెల్లెలు గుర్తు రావాలి కదా? రాదు. నోట్లో నాలుగు గుండుసూదులు పెట్టుకుని, కళ్ళద్దాలు ముక్కు చివరికి జార్చి, ఫోన్‌ను చెయ్యంత దూరంలో పట్టుకుని చూసే పీకో వదినె గుర్తొస్తుంది. ముందు నవ్వొస్తుంది. ఆ తర్వాత ఇంకేదో వస్తుంది. అదేమిటో చెప్పాలంటే ఆమె సంగతంతా చెప్పాలి.

నాచారంలో మా గల్లీ మొదట్లో, పిండిగిర్నీ పక్కన ఆమె దుకాణం ఉండేది. దుకాణమంటే ఒక షట్టరు, ఒక మిషను, ఒక బెంచీ. చీరలకు ఫాల్ కుట్టడం, కొంగు కొసల్లో పోగులు లేవకుండా పీకో చేయడం, అంతే ఆమె పని. జాకెట్లు ముట్టేది కాదు.

"జాకెట్ కుట్టాల్నంటె మంది ఒళ్లు కొలవాలె. ఒకామె బక్కగున్న అంటది, ఒకామె బొద్దుగున్న అంటది, అందరితోని అబద్ధాలాడాలె. చీర మంచిది. అందరికి ఒక్కటే కొలత" అనేది.

షట్టరు మీద బోర్డు రాసిన పెయింటరు 'ఫాల్' అని రాయాల్సిన చోట 'పాల్ పీకో' అని రాసిపోయాడు. గల్లీలోకి కొత్తగా కిరాయికి దిగినవాళ్ళు పొద్దున్నే గిన్నె పట్టుకుని వచ్చేవారు.

"పాలున్నయా అమ్మా?"

"పాలు లేవు బిడ్డా, పీకోనే ఉన్నది. కూసో, చాయ్ తాగిపో."

అట్లా పాలకని వచ్చి ఆమెకు చుట్టాలైపోయినవాళ్ళు మా గల్లీలో సగం మంది. బోర్డు మార్పించమని ఎవరెంత చెప్పినా వినలేదు. "తప్పు రాసినా మనుషులైతె వస్తున్రు గదా, ఉండనియ్" అనేది. ఆ మాట నేనప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు తిప్పితిప్పి తలుచుకుంటాను.

మేము జనగామ దిక్కు నుంచి వచ్చినవాళ్ళం. మా ఇంటాయనకు నాచారంలో కంపెనీ పని. నేను మొదటిసారి చీర తీసుకుని పోయి "అక్కా, ఫాల్ ఎప్పటికి అయితది?" అన్నాను. ఆమె మిషను ఆపేసింది. నోట్లోంచి సూదులు ఒక్కొక్కటే తీసి గుడ్డకు గుచ్చింది.

"అక్క అనకు. వదినె అను."

"ఎందుకు?"

"అక్క అంటె నెత్తి మీద బరువు. వదినె అంటె జర పరాచికం ఉంటది."

సరే, వదినె అన్నాను. నేను వదినె అన్నానంటే ఆమెకు నేను ఆడిబిడ్డను. ఆ రోజు నుంచి నేను కనిపిస్తే చాలు, గల్లీ చివరిదాకా వినిపించేట్టు "రావే ఆడిబిడ్డా, ఏం పుల్లలు వెట్టనీకొచ్చినవ్" అని పిలిచేది. నిజంగానే ఆమె మొగుని చెల్లెలినని చాలామంది అనుకున్నారు. ఇద్దరం కాదనలేదు.

ఆమె మొగుడి గురించి కూడా చెప్పాలి. మాట్లాడని మనిషి. దుకాణం బయట కుర్చీ వేసుకుని పేపరు చదివేవాడు. ఒకే పేపరు, సాయంత్రం దాకా. మేమెవరైనా "అన్నా, మంచిగున్నవా" అంటే తల ఊపేవాడు. వదినె లోపలి నుంచి అనేది: "ఆయన మాట్లాడితె ముత్యాలు రాలుతయ్. అందుకే మూట గట్టి దాచుకుంటడు. ఏ మూలకు దాస్తడో నాకు గూడ తెల్వది." ఆయన కళ్ళతోనే నవ్వేవాడు. ఆయన పోయిన తర్వాత కూడా ఆ కుర్చీ అక్కడే ఉంది. ఎవరైనా కూర్చోబోతే, "ఆయన లేడు గాని పేపరు సదువుడు ఇంక కాలేదు" అనేది. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. ఆమె నవ్వేది కాబట్టి మేమూ నవ్వేవాళ్ళం.

దారం దగ్గర మాత్రం ఆమె యమ గట్టి మనిషి. చీర రంగుకు దారం రంగు కలిసిందా లేదా అని దుకాణంలో చూసేది కాదు. "ట్యూబులైటు కింద రంగులు అబద్ధాలాడుతయ్" అని చీర కొంగూ నాలుగు దారపు ఉండలూ పట్టుకుని నడిరోడ్డు మీదికి పోయి ఎండలో నిలబడేది. వెనక ఆటోలు ఆగిపోయి హారన్లు కొట్టేవి.

"ఏమమ్మా, చీర ఆరేసుకోనీకె మా రోడ్డే దొరికిందా?"

"నీ హారన్ బంద్ జెయ్ నాయనా, గులాబి రంగు బెదురుతున్నది!"

ఆటో ఆయన నవ్వేవాడు. ఆమె తాపీగా రంగు కలుపుకుని వచ్చేది. రంగుల విషయంలో ఇంత నిజాయితీ ఉన్న మనిషి మాటల విషయంలో ఎట్లా ఉండాలి చెప్పండి?

ఆమెకు ఇంకో పట్టు ఉండేది. కొస వదిలిపెట్టకూడదు. "ఇయ్యాల ఒక్క పోగు లేస్తది. పోనీ తియ్ అంటవ్. ఎల్లుండికి చీర జల్లెడ అయితది" అని, కుట్టు అయిపోయిన తర్వాత కూడా కొంగును కంటి దగ్గర పెట్టుకుని వేలితో తడుముతూ పోయేది. ఎవరైనా ఏదైనా కథ చెప్తూ సగంలో ఆపితే ఒప్పుకునేది కాదు. "అయితె ఏమైంది? ఆమె ఏమన్నది? నువ్వేమన్నవ్? కొస జెప్పి పో" అని కొంగు పట్టుకుని ఆపేది.

ఒకసారి గల్లీ ఆడవాళ్ళమంతా యాదగిరిగుట్టకు పోదామనుకున్నాం. ఉప్పల్ పోయి బస్సెక్కితే అయిపోయె. వదినె రానంది.

"ఆ దిక్కు బస్సు నాకు పడది. వరంగల్ రోడ్డు ఎక్కిన్నంటె వాంతులే."

ఆ మనిషే మరుసటి ఏడాది వేములవాడకు పొద్దుటి నుంచి బస్సులో కూర్చుని, దారంతా పల్లీలు తింటూ, మాకందరికీ కథలు చెప్తూ వచ్చింది.

"ఇప్పుడు వాంతులు లేవా వదినె?" అన్నాను.

"కడుపుకు దిక్కులు తెలుస్తయే" అంది.

ఇక ఆమె చదువు. పెళ్ళయిన కొత్తలో ఆమె ఒక రెడీమేడ్ బట్టల కంపెనీలో పనిచేసింది. చొక్కాల మెడలకు ఇంగ్లీషు లేబుళ్ళు కుట్టీ కుట్టీ అక్షరాలు నేర్చుకుంది. మాకేమో కొందరికి అక్షరమే రాదు. నాలాంటివాళ్ళు ఐదు దాకా చదివి తెలుగు చదువుతాం, రాస్తాం. కానీ ఫోన్లలో వచ్చేవి తెలుగు మాటలే అయినా ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటాయి. అది మాకు తాళం వేసిన ఇల్లు. తాళంచెవి వదినె దగ్గర. మధ్యాహ్నం మూడింటికి మా గల్లీ ఫోన్లన్నీ ఆమె మిషను మీద వరుసగా ఉండేవి.

ఆమె చదవడం చూడవలసిందే. ముందు ఫోన్‌ను కొంగుతో తుడిచేది. చెయ్యి చాచి దూరం పెట్టేది. "హూఁ" అని గొంతు సవరించుకునేది. ఆ తర్వాత రేడియోలో వార్తలు చదివినట్టు, ఎత్తూపల్లం లేకుండా చదివేది.

వెనకింటామె బిడ్డ పూణేలో ఉద్యోగం చేస్తుంది. ఆ పిల్ల నుంచి మెసేజీ వచ్చింది. వదినె చదివింది: "సరే అమ్మా. నువ్వు యాళ్లకు తిను. మోకాళ్లకు నూనె రాసుకో. నా ఫికర్ జెయ్యకు."

ఆమె మురిసిపోయి ఫోన్‌ను తిప్పి చూసుకుంది. "రెండే అక్షరాలున్నయి గదనే? రెండక్షరాలల్ల గంత ముచ్చట ఉన్నదా?"

"ఇంగ్లీషంటె గదే మరి. రాసేటప్పుడు పొట్టిగుంటది, సదివితె పొడుగైతది."

నేనక్కడే ఉన్నాను. పొట్ట పట్టుకుని నవ్వాను. నా ఫోన్ కూడా ఆ మిషను మీదే ఉందని ఆ క్షణంలో నాకు తట్టలేదు చూడండి.

నా ఫోన్ సంగతి ఇది. మా పెద్దబిడ్డకు ఒక సంబంధం వచ్చింది. పిల్లవాడు బుద్ధిమంతుడు, ఇల్లు ఉప్పల్లోనే. చూపుల రోజు వంటకు సాయం రమ్మని మా చెల్లెలిని పిలిచాను. తన బిడ్డను కూడా వెంటబెట్టుకుని వచ్చింది. పది రోజులకు ఆ ఇంటివాళ్ళు "జాతకాలు కుదరలే" అని కబురు పెట్టారు. కుదరకపోతే కుదరకపోయె అనుకున్నాం. రెండు నెలలు తిరగకముందే ఆ పిల్లవాడికీ మా చెల్లెలి బిడ్డకూ పెళ్ళి. ఆ పత్రిక నాకు పోస్టులో వచ్చింది. మేడిపల్లి నుంచి నాచారానికి, సొంత అక్కకు, పోస్టులో!

నా బిడ్డకు ఆ తర్వాత మంచి ఇల్లే దొరికింది. ఆ పిల్ల ఆ సంగతి ఎప్పుడో మరిచిపోయింది. మరిచిపోనిది నేను. చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నవాళ్ళం. "అక్కా, వాళ్లు మా పొల్లను అడుగుతున్రు, ఏం జెయ్యాలె" అని ఒక్క మాట అంటే ఏమయ్యేది? మా ఇంట్లో ఆమె పేరు ఎత్తడం బంద్ అయింది. మా ఇంటాయన అయితే మేడిపల్లి బస్సు కనిపిస్తేనే మొహం తిప్పుకునేవాడు. నేను కోరుకున్నది ఒక్కటే: తప్పైంది అక్కా. అంత మాట చాలు, మిగతాదంతా నేనే చూసుకునేదాన్ని.

అట్లా ఉండగా, బిడ్డ తన పాత ఫోన్ నాకిచ్చిపోయింది. వారం తిరగకుండా చెల్లెలి నంబరు నుంచి గులాబీ వచ్చింది. కింద ఇంగ్లీషు అక్షరాలు. ఇంట్లో ఎవరికీ చూపించలేను. కొంగులో దాచుకుని వదినె దగ్గరికి ఉరికాను.

"మా చెల్లె రాసింది. సదువు."

వదినె ఫోన్ తుడిచింది. దూరం పెట్టింది. నా మొహం చూసింది. మళ్ళీ ఫోన్ చూసింది. "హూఁ."

"అక్కా, మంచిగున్నవా? నువ్వు యాదికి రాని దినం లేదు. ఇట్లు, నీ చెల్లె."

నేను బెంచీ మీద కూర్చున్నాను. "పువ్వెందుకు పెట్టిందట?"

"తప్పు జేసినోళ్లు వట్టి చేతుల్తోని వస్తరా? పువ్వు వట్టుకొని వచ్చింది."

ఆ రోజు నుంచి రోజూ మూడింటికి నా గులాబీ, ఆమె చదువు. నాకు చదువు తక్కువే కానీ విన్న మాట పోదు. ఆమె చదివినవన్నీ ఇప్పటికీ వరుసగా చెప్పగలను. "అక్కా, నువ్వు నూరిన చింతకాయ తొక్కు అసొంటిది మళ్ల ఎన్నడు తినలే." "అక్కా, బస్సు ఎక్కుదామని రోడ్డు దాక వచ్చి మర్లిపోయిన." "అక్కా, నీకు చెప్పకుంట జేసిన. చెప్తె నువ్వు ఇచ్చేటిదానివే. అందుకే చెప్పలే."

ఈ మూడోది విన్న రోజు నేను ఏడ్చాను. వదినె మిషను తొక్కుతూనే ఉంది గానీ సూది కింద గుడ్డ లేదు. ఉత్త మిషను తొక్కుతోంది.

ఒక రోజు విచిత్రమైనది వచ్చింది. "అక్కా, నీ ఎర్ర లంగోణి అంచు నేనే కత్తిరించిన. గోడకున్న మొలకు తట్టి చినిగిందని అమ్మకు అబద్ధం చెప్పిన. తప్పైంది అక్కా. ఇట్లు, నీ చెల్లె."

తప్పైంది! నేను ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట. కానీ మధ్యలో ఈ లంగా ఓణీ ఏమిటి?

"నాకు ఎర్ర లంగోణి ఎక్కడిదే వదినె? నాదెప్పుడూ పచ్చదే ఉండె."

వదినె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "ఎర్రదనే ఉన్నది మరి. యాది మరిచిందేమో. తప్పైంది అన్నది గద, రంగుతోని నీకేం పని?"

రంగుతో పనేమిటని ఆ మనిషి అనడం! అక్కడైనా నేను ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు. మర్నాడే బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు వేసి రెండు సర్వపిండ్లు కాల్చి, స్టీలు డబ్బాలో పెట్టి, ఇంటాయన కంపెనీకి పోగానే బస్సెక్కాను.

చెల్లెలు తలుపు తీసి నోరు తెరిచింది. "అక్కా! నువ్వేంది గిట్ల జెప్పకుంట?"

నేను గట్టిగా పట్టుకున్నాను. "పోనీ తియ్యే. నువ్వు తప్పైందన్నవ్, నా కడుపు చల్లబడ్డది. ఇగ ఆ ముచ్చట ఇడిసిపెడ్దాం."

ఆమె మెల్లగా నా చేతుల్లోంచి బయటికి వచ్చింది. "తప్పైందని ఎవలన్నరు?"

"నువ్వే గదనే. రోజు ఫోన్‌ల రాస్తున్నవ్, పువ్వు వెట్టి."

"అవి గుడ్ మార్నింగులక్కా. అందరికి పోతయ్. గ్యాస్ బండ తెచ్చేటాయనకు గూడ పోతయ్." నవ్వబోయి ఆగింది. "అయినా నాదేం తప్పున్నది? పిలగాడే మా పొల్లను ఇష్టపడ్డడు. నువ్వు ఇంక అదే పట్టుకొని ఉన్నవా?"

మంచినీళ్ళు ఇచ్చింది. చాయ్ పెడతానంది. నేను తాగానో లేదో గుర్తులేదు. ఇంత జ్ఞాపకం ఉన్న నాకు అది ఒక్కటి గుర్తులేదు. డబ్బా కూడా అక్కడే మరిచాను.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. ఇల్లు ఖాళీ చేసి పోయేటప్పుడు గోడ మీది క్యాలెండరు తీస్తే, దాని వెనక చోటు ఒక్కటి తెల్లగా కనిపిస్తుంది చూడండి. లోపల అట్లా ఉంది. మొదట ఒక చెల్లెలు ఉండేది, పోయింది. ఆ చోట రోజూ మూడింటికి వచ్చే ఇంకో చెల్లెలు వచ్చింది. మొదటి చెల్లెలికన్నా ఈమే మంచిది. ఇప్పుడు ఈమె అసలు లేనే లేదు. లేని మనిషి పోతే ఎవరికని చెప్పుకుంటాం?

ఉప్పల్లో దిగి, ఆటో పట్టుకుని నేరుగా దుకాణానికి పోయాను.

"గుడ్ మార్నింగులటనే వదినె. గ్యాసాయనకు గూడ పోతయట."

మిషను ఆగింది. వదినె సూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసింది. ఆ రోజు ఆమె మొహంలో నవ్వు లేదు.

"పోయొచ్చినవా?"

"నన్ను పిచ్చిదాన్ని జేసినవ్. మా చెల్లె ఒక్కపారే మోసం జేసింది. నువ్వు రోజు జేసినవ్."

"నేను సదివిన దాంట్ల అబద్ధం ఒక్కటే ఉన్నదే ఆడిబిడ్డా" అంది. "కింద పేరు."

ఇదొక తెలివి మాట అనుకున్నాను. ఒళ్ళు మండింది. "ఇగ నీ గడప తొక్క" అని వచ్చేశాను.

తొక్కలేదు కూడా. అయితే మధ్యాహ్నం మూడింటిని ఏం చేయాలి? నాలుగు దాకా ఇంట్లో అటూ ఇటూ తిరిగేదాన్ని. పప్పు డబ్బాలు కడిగేదాన్ని. మళ్ళీ కడిగేదాన్ని. మా ఇంటాయన "డబ్బాలు అరిగిపోతయే" అన్నాడు. చెల్లెలి మీద కోపం చల్లారింది. ఆమె ఉన్నదున్నట్టు ఉంది కదా. వదినె మీద కోపమే చల్లారలేదు. కూర్చోబెట్టి, చాయ్ పోసి, నా కళ్ళలోకి చూస్తూ చదివింది కదా అని.

బిడ్డ శ్రీమంతానికి కొన్న పట్టుచీరను ఉప్పల్లో వేరే దుకాణంలో ఇచ్చాను. ఒక్కసారి కట్టుకుంటేనే పోగులు లేచాయి. రెండు రోజులు ఆ చీరను చూస్తూ కూర్చున్నాను. మూడో రోజు పోయి, మాట్లాడకుండా ఆమె మిషను మీద పెట్టాను.

ఆమె తలెత్తలేదు. కొంగు కంటి దగ్గర పెట్టుకుంది. "ఎవలు కుట్టిన్రే గిది? కోడి గెలికినట్టున్నది."

"ఎవలో ఒకలు. నువ్వు కుట్టరాదు మరి."

"కుడత. కూసో. చాయ్ తాగు."

అంతే. అట్లా మళ్ళీ మొదలైంది. పరాచికాలు వచ్చాయి, ఆడిబిడ్డ వచ్చింది. కానీ నేను ఫోన్ ఇంట్లోనే పెట్టి పోయేదాన్ని. ఆమె కూడా అందరికీ "అద్దాలు పనిజేస్తలేవ్" అని చెప్పి చదవడం మానేసింది. మా ఇద్దరి మధ్య ఒక్క పోగు లేచినది అట్లాగే ఉండిపోయింది. నేను కొస అడగలేదు. కొస వదలొద్దనే మనిషి, ఆమే చెప్పలేదు.

మొన్నటి వానాకాలంలో ఆమె పోయింది. గుండె. దవాఖానకు ఆటోలో తీసుకుపోతుంటే కొడుకుతో అన్నదట: "గుంతలల్ల జర మెల్లగ పోనియ్యమను, లోపల మనిషి ఉన్నది."

దినాల రోజు గల్లీలో టెంటు వేశారు. షట్టరు మూసి ఉంది. పాల్ పీకో బోర్డుకు ఎవరో పూలదండ వేశారు. అందరూ తింటున్నారు. బయట కుర్చీలో, ఆ పేపరు మనిషి కుర్చీలోనే, ఒక ముసలావిడ కూర్చుని ఉంది. నేనెప్పుడూ చూడలేదు. ఆమె చీరకు పీకో లేదు. కొంగు కొసలో పోగులు లేచి ఉన్నాయి. మంచినీళ్ళు తీసుకుపోయి ఇచ్చాను.

"తినలేదేందమ్మా? ఏ ఊరు మీది?"

"ఘట్‌కేసర్. దాని అక్కను."

వదినెకు అక్క ఉందా! ఘట్‌కేసర్‌లోనా! వరంగల్ రోడ్డు మీద! నాకు ఆ వాంతులు గుర్తొచ్చాయి.

"ఎన్నడు రాకపోతిరి?"

"మాటల్లేవు బిడ్డా. దాని పెండ్లి కాన్నుంచి." ఆమె నీళ్ళు తాగలేదు, గ్లాసు పట్టుకుని కూర్చుంది. "ఆ పిలగాడు నన్ను సూడనీకె వచ్చిండు. నాకు చూపులకని అమ్మ ఎర్ర లంగోణి కుట్టిచ్చింది. పొద్దుగాల సూస్తె అంచు పోయి ఉన్నది. మొలకు తట్టింది అన్నది ఇది. నేను పాత చీర గట్టుకొని కూసున్న. ఇది నీళ్లు తెచ్చింది. ఆయన దీన్నే సూసిండు."

ఎర్ర లంగోణి.

నా చెల్లెలి కథ చెప్పుకుని నేను ఏడ్చినప్పుడల్లా వదినె ఎవరిని చూసిందో నాకప్పుడు తెలిసింది. బెంచీ మీద నేను కాదు కూర్చుంది. ఆ మాటలకు నేను ఉత్త చిరునామాను.

"అక్కా," అన్నాను. "నీ చెల్లె నీకు రాసినవి నా దగ్గర ఉన్నయ్."

"రాసిందా? నాకా?"

"రోజు."

చింతకాయ తొక్కు చెప్పాను. రోడ్డు దాకా వచ్చి మరలిపోయింది చెప్పాను. చెప్తె నువ్వు ఇచ్చేటిదానివే అన్నది చెప్పినప్పుడు ఆమె గ్లాసు కింద పెట్టింది. లంగోణిది చెప్పాను. తప్పైంది చెప్పాను.

ఆమె పొట్ట కదిలేట్టు నవ్వింది. అచ్చం వదినె నవ్వే.

"కత్తిరించింది అదేనని నాకు ఆ పొద్దే తెల్సు. మొలకు తడితె వంకర టింకర చినుగుతది. అది గీత గీసినట్టు ఉండె. అప్పటికే దాని చెయ్యి గంత సాఫు! ఒక్కపారి నోటితోని అంటదేమోనని సూసిన, అంతే. మాట్లాడని మొగుని కోసం మాట్లాడే అక్కను పోగొట్టుకున్నది, పిచ్చిది." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఫోన్‌లనే ఉన్నయా అవి? తియ్యి. మళ్లొకపారి సదువు."

ఫోన్‌లో లేవని చెప్పొచ్చు. ఆమెకు అక్షరాలు రావు, నాకు ఇంగ్లీషు రాదు. నేను ఫోన్ తీశాను. ఆ పొద్దుటి గులాబీ ఉంది, చాయ్ కప్పు ఉంది. కొంగుతో తుడిచాను. చెయ్యి చాచి దూరం పెట్టాను. "హూఁ" అన్నాను. వదినె ఎట్లా చదివేదో అట్లాగే, ఎత్తూపల్లం లేకుండా, ఒక్క మాట జారకుండా చదివాను.

"కింద ఎవ్వల పేరున్నది?" అంది ఆమె.

"నీ చెల్లె పేరే."

ఆ పేరు కూడా చదివాను. ఆమె ముందుకు వంగి ఫోన్‌లోకి చూసింది.

"పువ్వు గూడ వెట్టిందా?"

"పెట్టదా మరి?" అన్నాను. "తప్పు జేసినోళ్లు వట్టి చేతుల్తోని వస్తరా?"